ఐసు పెట్టెలో 85 డిగ్రీలు: ఒక ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌ని సీవీలోకి ఎక్కించిన కథ

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సీవీలో ప్రాజెక్ట్ కింద ఉన్నది ఇంతే: 'ఐఓటీ బేస్డ్ స్మార్ట్ కోల్డ్ స్టోరేజ్ మానిటరింగ్ సిస్టమ్ యూజింగ్ ఈఎస్‌పీ32. టీమ్ సైజ్: 4. ఇందులో సెన్సర్ ద్వారా ఉష్ణోగ్రత కొలిచి క్లౌడ్‌కి పంపుతాము. దీనివల్ల నిల్వ సామర్థ్యం 40 శాతం పెరుగుతుంది. నా పాత్ర: టీమ్ లీడర్.' సీవీ ఇంగ్లీషులోనే ఉంది, ఉండాల్సింది కూడా అలాగే. చదవడానికి వీలుగా వాక్యాలను ఇక్కడ మన మాటల్లో పెడుతున్నాను. ఐఓటీ అంటే వస్తువులని ఇంటర్నెట్‌కి కలపడం, ఈఎస్‌పీ32 అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు.

ఆ కిందనే తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, పర్మనెంట్ అడ్రస్, తెలిసిన భాషలు, హాబీలు, చివర 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అంటూ డిక్లరేషన్, సంతకం. చేసిన పనికంటే ఇంటి అడ్రస్‌కే ఎక్కువ చోటు దొరికింది.

విశాఖ ద్వారకా నగర్‌లో కూర్చుని ఫైనల్ ఇయర్ పిల్లల సీవీలు సరిచేసి, ఇంటర్వ్యూలకి తయారుచేయడం నా పని. అంతకు ముందు కొన్నేళ్లు ఎంబెడెడ్ (పరికరాల లోపలి చిన్న కంప్యూటర్లకి కోడ్ రాసే) టీమ్‌లో ఉద్యోగం చేస్తూ ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చున్నాను. ఈ కేసు గాజువాక నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) అమ్మాయిది. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. అప్పటికి ఆమె రెండు చోట్లకి అప్లై చేయాలనుకుంటోంది. ఒకటి రుషికొండ ఐటీ కొండ మీద ఉన్న చిన్న కంపెనీలో ఎంబెడెడ్ ట్రెయినీ. రెండోది సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసే ఒక ప్రాసెసింగ్ యూనిట్‌లో క్వాలిటీ విభాగం ట్రెయినీ. రొయ్యలు, చేపల ఎగుమతిలో విశాఖ పోర్టు దేశంలోనే ముందు వరుసలో ఉంటుంది కాబట్టి ఆ రెండో దారి మన ఊరి పిల్లలకి నిజంగా ఉన్న దారే. అయినా ఈసీఈ వాళ్లు అటు చూడరు.

మొదటి సీవీలో ఆ 40 శాతం తప్ప పచ్చి అబద్ధమంటూ ఏమీ లేదు. ఇబ్బంది ఏమిటంటే అది ఎవరి సీవీలోనైనా అతికిపోతుంది. స్మార్ట్ ఇరిగేషన్, స్మార్ట్ డస్ట్‌బిన్, స్మార్ట్ హెల్మెట్ అని పేరు మార్చుకుంటూ పోతే మిగతా వాక్యాలు కదపక్కర్లేదు. ప్యానెల్‌లో కూర్చునేవాళ్లు ఏ టీ బ్రేక్‌లోనో, మెట్లెక్కుతూనో సీవీ తిరగేస్తారు. ఆ కాస్త సేపట్లో వాళ్ల కన్ను వెతికేది ఒక్కటే: ఈ మనిషిని దేని మీద అడగొచ్చు? అడగడానికి ఏమీ దొరక్కపోతే 'ఐఓటీ అంటే ఏమిటి?' దగ్గర మొదలుపెడతారు. ఆ ప్రశ్నకి అందరూ ఒకటే జవాబు చెబుతారు. అక్కడితో మన పిల్ల ఆ గుంపులో కలిసిపోతుంది.

మొదట ఆ పేపర్ మీదున్న మాటలనే అడిగాను.

"టీమ్ లీడర్ అంటే ఏం చేశావమ్మా?"

"అంటే... అందరినీ కోఆర్డినేట్ చేశాను మేడమ్."

"మరి ఈ 40 శాతం ఎక్కడిది?"

కాసేపు టేబుల్ వంక చూసి, "సీనియర్స్ సీవీలో ఉంది మేడమ్," అంది.

ఆ సీనియర్లు వాళ్ల సీనియర్ల దగ్గర తీసుకుని ఉంటారు. ఈ 40 శాతం మన కాలేజీల్లో వారసత్వంగా వస్తున్న ఆస్తి. దేనితో పోలిస్తే 40, ఎవరు కొలిచారు, ఎన్ని రోజులు కొలిచారు అని అడిగితే నిలబడని అంకె సీవీలో ఉండడం కంటే అక్కడ ఖాళీ ఉండడం మేలు. దాన్ని అప్పుడే కొట్టేశాం.

ఇలాంటి పిల్లల్ని నేను ప్రాజెక్ట్ రిపోర్టు తెమ్మని అడగను. హార్డ్ బైండింగు, బంగారు అక్షరాలు, లోపల పేజీలకు పేజీలు మైక్రోకంట్రోలర్ చరిత్ర. వాళ్లు నిజంగా ఏం చేశారో దాంట్లో వెతకడం దండగ. దానికి బదులు ఫోను తీయమంటాను. ప్రతి బ్యాచ్‌కీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. పని ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎవరు ఎవర్ని తిట్టుకున్నారు, అర్ధరాత్రి ఎవరు మేలుకుని ఉన్నారు, అంతా తేదీలతో సహా అందులో ఉంటుంది. గ్యాలరీలో ఫొటోలు సరేసరి.

ఆ గ్రూపుని వెనక్కి జరుపుతుంటే మార్చి నెలలో ఒక రాత్రి ఆమె పెట్టిన మెసేజ్ కనబడింది: 'ఎవరైనా బతికున్నారా? 85 మళ్లీ వచ్చింది.' కింద ఒక అబ్బాయి జవాబు: 'ఎక్సెల్‌లో ఆ వరసలు డిలీట్ కొట్టెయ్, ఎవడు చూస్తాడు.' దాని కింద ఈమె: 'చేపల పెట్టెలో 85 డిగ్రీలేంట్రా, పులుసు కాస్తున్నామా?'

అక్కడ ఆపమన్నాను. ఈ 85 సంగతేమిటి?

అప్పుడు మొదలైంది అసలు కథ. వాళ్ల బ్యాచ్ ప్రాజెక్ట్ సెంటర్‌లో కిట్ కొన్నారు. బోర్డు, సెన్సరు, నడుస్తున్న కోడ్, రిపోర్టుతో సహా. గదిలో టేబుల్ మీద పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వైఫై పట్టుకుని క్లౌడ్‌లో గ్రాఫ్ గీస్తుంది. రివ్యూకి అదే చాలు. అయితే ఈ అమ్మాయి మేనమామ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మర బోటు మీద కళాసీ. 'మీ దగ్గర చేపలుంటాయి కదా మామయ్యా, ఒకసారి ఐసు పెట్టెలో పెడతావా?' అని అడిగింది. ఆయన బోటు నడిపే సరంగుని ఒప్పించాడు. బోటు మీద వాళ్లు ఆ డబ్బాని చూసి, "ఏటే ఇది, బాంబేటి?" అన్నారట.

సముద్రంలోకి పోయే బోటు మీద వైఫై ఎక్కడిది? ఆ సంగతి తట్టగానే కిట్ కోడ్‌లో క్లౌడ్ భాగాన్ని తీసేసి, ఎస్‌డీ కార్డులో రాసేలా మార్చింది. నెట్ లేకపోతే టైమ్ ఎలా తెలుస్తుందని ఆర్‌టీసీ మాడ్యూల్ (టైమ్ గుర్తుపెట్టుకునే చిన్న గడియారం) ఒకటి కలిపింది. బ్యాటరీ ఐదు రోజులు రావాలి కాబట్టి రీడింగుకీ రీడింగుకీ మధ్య బోర్డుని డీప్ స్లీప్‌లో (దాదాపు అంతా ఆపేసి పడుకోబెట్టే స్థితిలో) పెట్టి, ఆ సమయంలో సెన్సర్లకి కూడా కరెంటు ఆపేసింది. పెట్టెలో పైన ఒకటి, అడుగున ఒకటి, రెండు సెన్సర్లు. 10 నిమిషాలకి ఒకసారి, ఐదు రోజులు. ఒక్కో సెన్సర్‌వి 720, రెండూ కలిపి 1,440 రీడింగులు. వాటిలో 31 చోట్ల 85 డిగ్రీలు.

డీఎస్18బీ20 అనే ఆ సెన్సర్‌ని వాడినవాళ్లకి ఈ 85 పాత చుట్టమే. పవర్ ఇవ్వగానే దాని మెమరీలో ముందుగా కూర్చుని ఉండే విలువ 85. 12 బిట్ రిజల్యూషన్‌లో, అంటే అన్నిటికంటే సన్నటి మెట్లలో, ఒక కొలత పూర్తి కావడానికి దానికి 750 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. కిట్ కోడ్ 600 దగ్గరే చదివేస్తోంది. టేబుల్ మీద కరెంటు ఎప్పుడూ ఉండేది కాబట్టి కొలత పూర్తికాకపోయినా అంతకు ముందు కొలిచిన విలువ బయటికొచ్చేది, ఎవరికీ తేడా తెలిసేది కాదు. పడుకుని లేచిన ప్రతిసారీ సెన్సర్ కొత్తగా మొదలవడంతో, కొలత పూర్తికాని చోటల్లా 85 బయటపడింది. ఈమె డేటాషీట్ (సెన్సర్ తయారుచేసినవాళ్లు ఇచ్చే వివరాల పత్రం) చదివి, ఆగే సమయం పెంచి, ఇంట్లో థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి రెండు రోజులు నడిపింది. 576 రీడింగుల్లో ఒక్క 85 కూడా రాలేదు.

"మరి ఇదంతా సీవీలో ఎందుకు లేదు?"

"అది ప్రాబ్లమ్ కదా మేడమ్. ప్రాబ్లమ్ వచ్చిందని రాస్తే ప్రాజెక్ట్ బాగోలేదనుకుంటారని..."

పిల్లలు ఎక్కువమంది ఇక్కడే చిక్కుకుంటారు. పని చేసిన చోటంతా దాచేసి, పని చేయని చోటుని పెద్దక్షరాల్లో రాస్తారు. ప్రాజెక్ట్ పేరు ఆమెది కాదు, కిట్ అమ్మినవాడిది. బోర్డు ఆమెది కాదు. క్లౌడ్ గ్రాఫ్ ఆమెది కాదు. సీవీలో ఉన్నవి ఆ మూడే. ఆమె చెయ్యి పడిన చోట్లు వైఫై తీసేయడం, సెన్సర్‌కి కరెంటు ఆపడం, 85ని డిలీట్ కొట్టకుండా వెంటపడడం. వాటిలో ఒక్కటీ లేదు.

కిట్ కొన్న సంగతి చెప్పడానికి ఆమె చాలా ఇబ్బంది పడింది. నిజానికి కొన్న కిట్ తప్పేమీ కాదు. ఉద్యోగంలో చేరాక కూడా రోజూ చేసేది ఎవరో రాసిన కోడ్‌ని మన అవసరానికి మార్చుకోవడమే. కొన్నదాన్ని 'డిజైన్డ్ అండ్ డెవలప్డ్' అని రాస్తేనే ముప్పు. ప్యానెల్‌లో ఎవరో ఒకరు ఆ కిట్ చూసే ఉంటారు. 'ఈ లైబ్రరీయే ఎందుకు తీసుకున్నారు?' అని అడిగితే, కొన్నవాళ్ల మొహంలో తెలిసిపోతుంది. 'రెడీమేడ్ కిట్ కోడ్‌ని ఇలా మార్చాను' అని మనమే రాసుకుంటే, ఆ దారి మూసుకుపోయి, మనం మార్చిన చోటికి ప్రశ్న వస్తుంది.

టీమ్ లీడర్ అన్న మాట కూడా తీసేయించాను. నలుగురూ అదే రాసుకున్నారని తర్వాత తెలిసింది. ఒకే కాలేజీ డ్రైవ్‌కి ఒకే ప్రాజెక్ట్‌తో నలుగురు లీడర్లు వెళితే చూసేవాళ్లకి వినోదం. హోదా కంటే వాటా రాయడం సుఖం: ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే కోడ్), ఫీల్డ్ టెస్ట్ నావి. మిగతా ముక్కలు మిగతావాళ్లవి. 'మేము' అన్న మాట ప్రాజెక్ట్‌కి ఒక్కసారి వస్తే చాలు.

ఎంబెడెడ్ ఉద్యోగానికి చివరికి కుదిరిన ఎంట్రీ ఇలా ఉంది:

'చేపల ఐసు పెట్టెకి ఉష్ణోగ్రత లాగర్ (ఈఎస్‌పీ32, రెండు డీఎస్18బీ20 సెన్సర్లు, ఎస్‌డీ కార్డు, ఆర్‌టీసీ). నలుగురి టీమ్, ఫర్మ్‌వేర్, ఫీల్డ్ టెస్ట్ నావి.

సముద్రంలో నెట్‌వర్క్ ఉండదు కాబట్టి, వైఫైతో క్లౌడ్‌కి పంపే రెడీమేడ్ కిట్ కోడ్‌ని ఎస్‌డీ కార్డులో టైమ్‌తో రాసేలా మార్చాను. డీప్ స్లీప్ వాడి ఒకే చార్జ్‌తో ఐదు రోజులు నడిపాను.

విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి వెళ్లిన బోటులో తీసిన 1,440 రీడింగుల్లో 31 తప్పుగా 85 డిగ్రీలు చూపాయి. కొలత పూర్తికాకముందే చదవడం కారణమని కనుక్కుని సరిచేశాను. ఒడ్డున రెండు రోజుల టెస్ట్‌లో 576 రీడింగుల్లో ఆ తప్పు రాలేదు.'

'ఒడ్డున' అన్న మాట మీద కాసేపు వాదన నడిచింది. అది ఉంటే తక్కువగా కనిపిస్తుందని ఆమె బాధ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆమె కోడ్ సరిచేసేసరికి బోట్లన్నీ లంగరు వేసుకున్నాయి. సరిచేసిన కోడ్ సముద్రం మీదకి వెళ్లనే లేదు. ఆ మాట తీసేస్తే చదివేవాళ్లు బోటు మీదే పరీక్షించారనుకుంటారు, ఇంటర్వ్యూలో నిజం చెప్పగానే మిగతా అంకెల మీద కూడా అనుమానం పడుతుంది. ఉంచాం. ఎందుకు ఒడ్డున అని అడిగితే చెప్పడానికి అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

ఒక లైను రాసి కొట్టేశాం. నాలుగో రోజు మధ్యాహ్నానికి పెట్టె పైభాగం 6 డిగ్రీల దాకా పోయింది, అడుగు మాత్రం 1 దాటలేదు. దీన్ని ఆమె 'మత్స్యకారుల నిల్వ సమస్యను గుర్తించి పరిష్కారం చూపాను' అని రాసింది. మామయ్యకి ఆ గ్రాఫ్ చూపిస్తే ఏమన్నాడని అడిగాను. "పైన ఐసు ముందు కరుగుద్దని మాకు తెలీదేటే?" అన్నాడట. పరిష్కారం సంగతి అక్కడితో సరి.

కానీ అదే గ్రాఫ్ రెండో ఉద్యోగానికి పనికొచ్చింది. ఎగుమతి యూనిట్‌లో క్వాలిటీ వాళ్లకి బోర్డు పేరుతో పని లేదు. ఫ్రోజెన్ స్టోర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉందా, ఆ రికార్డు నమ్మదగ్గదేనా, థర్మామీటర్‌ని ఎప్పుడు సరిచూశారు, తేడా వస్తే ఏం రాశారు. వాళ్ల హాసప్ (ఆహార భద్రత నియంత్రణ పద్ధతి) ఫైళ్ల నిండా ఇవే ఉంటాయి. అందుకని అడిగాను, "సెన్సర్లు కరెక్టుగా చూపిస్తున్నాయని నీకెలా తెలుసు?"

"గ్లాసులో ఐసు దంచి నీళ్లు పోసి అందులో ముంచాం మేడమ్. 0 చూపించాలి కదా. ఒకటి 0.4 చూపించింది, ఇంకోటి 0.2. డేటాషీట్‌లో అర డిగ్రీ దాకా తేడా ఉండొచ్చని ఉంది, వదిలేశాం. అది కూడా రాస్తారా?"

రాస్తారు. క్వాలిటీ ఉద్యోగానికి మొదట రాయాల్సింది అదే. రెండో సీవీలో ఎంట్రీ ఇలా మారింది:

'బోటు మీద చేపల ఐసు పెట్టెలో ఐదు రోజుల ఉష్ణోగ్రత రికార్డు (టీమ్ ప్రాజెక్ట్, కొలత, డేటా నావి). వాడే ముందు రెండు సెన్సర్లనీ ఐసు నీళ్లలో 0 డిగ్రీల దగ్గర సరిచూశాను, తేడా 0.4 లోపు. నాలుగో రోజు మధ్యాహ్నం పెట్టె పైభాగం 6 డిగ్రీలకి చేరగా అడుగు భాగం 1 డిగ్రీ లోపే ఉంది. 31 తప్పుడు రీడింగులను తొలగించకుండా విడిగా గుర్తించి, కారణంతో సహా నమోదు చేశాను.'

పని అదే, అంకెలు కూడా అవే. ఇక్కడ ఈఎస్‌పీ32 లేదు, డీప్ స్లీప్ లేదు. స్కిల్స్ గడిలో ఎటూ ఉన్నాయి. డిలీట్ కొట్టకపోవడం అన్నది ఎంబెడెడ్ వాళ్లకి చిన్న విషయం, క్వాలిటీ వాళ్లకి అదే పెద్ద గుణం. ఒక్క సీవీని యాభై చోట్లకి పంపే పిల్లలకి ఇది చెబితే టైమ్ లేదంటారు. రోజుకి యాభై పంపే బదులు ఐదు పంపండి అని నేనంటాను. వింటారన్న నమ్మకం పెద్దగా లేదు.

మిగతా సీవీ మీద ఎక్కువ సేపు కూర్చోలేదు. తండ్రి పేరు, డిక్లరేషన్, హాబీలు తీసేశాం. రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్ మార్చి మామూలు ఒకే కాలమ్ పెట్టించాను. సీవీలని వడపోసే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్లు కొన్ని ఆ గడుల్లో ఉన్నదాన్ని కలగాపులగం చేసి చదువుతాయి. ఉద్యోగ ప్రకటనలో 'ఎంబెడెడ్ సీ' అని ఉంటే మనమూ అదే మాట వాడాలి, పని నిజంగా వచ్చి ఉంటేనే. కోడ్‌ని అందరూ చూసేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టించి, కిట్ నుంచి వచ్చిన ఫైళ్లు ఏవో, తను మార్చినవి ఏవో రీడ్‌మీ (పరిచయం) ఫైల్‌లో విడివిడిగా రాయించాను. దాని కింద బోటు మీద తీసిన ఒక ఫొటో, మనుషుల మొహాలు లేకుండా.

ప్రాజెక్ట్ ఎంట్రీ మారాక అసలు పని ఇంకొకటి ఉంటుంది: రాసిన ప్రతి లైనుకీ మూడు ప్రశ్నలు లోతుకి వెళ్లడం. ఆమెని నేనే అడిగాను. 750 మిల్లీసెకన్లు ఆగే బదులు రిజల్యూషన్ తగ్గిస్తే? తగ్గిస్తే కొలత త్వరగా అవుతుంది, 9 బిట్లకి వందలోపే సరిపోతుంది, కానీ అర డిగ్రీ మెట్లలో వస్తుంది అని లెక్క చెప్పింది. డీప్ స్లీప్‌లో కరెంటు ఎంత లాగింది? కొలవలేదు. అలాగైతే 'తక్కువ విద్యుత్ వినియోగం' అన్న మాట సీవీలో వాడకు, ఐదు రోజులు నడిచిందని మాత్రం రాయి అన్నాను.

ఫలితం సంగతి. ఎగుమతి యూనిట్ నుంచి పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో వాళ్లు చెప్పరు, మనం ఊహించుకుని ప్రయోజనం లేదు. రుషికొండ కంపెనీ పిలిచింది. మొదటి ప్రశ్న 85 మీదే. రెండోది, ఎస్‌డీ కార్డులో రాస్తుండగా మధ్యలో బ్యాటరీ ఆగిపోతే ఫైల్ ఏమవుతుందని. దానికి మేం తయారవలేదు. 'అది పరీక్షించలేదు సార్, ప్రతి రీడింగ్ తర్వాత ఫైల్ మూసేస్తున్నాను కాబట్టి చివరిది ఒక్కటే పోవాలి, చూడాలి' అందట. ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చారు. ఉద్యోగం ఆ తర్వాత చూస్తామన్నారు.

ఆ తర్వాత అదే బ్యాచ్‌లో 'డిలీట్ కొట్టెయ్' అన్న అబ్బాయి వచ్చాడు. ఆమె సీవీలో ఎంట్రీని ఉన్నదున్నట్టు దించుకుని తెచ్చాడు. 85 ఎందుకు వచ్చిందని అడిగితే చెప్పలేకపోయాడు. ఫోను తీయించి అదే గ్రూపు మళ్లీ తిప్పాం. అతను చేసింది డబ్బా. మొదటిది ప్లాస్టిక్ టిఫిన్ బాక్సు, బకెట్‌లో ముంచితే వైరు దూరిన కన్నంలోంచి నీళ్లు పోయాయి. రెండోది జంక్షన్ బాక్సు, కేబుల్ గ్లాండు, చుట్టూ ఎం-సీల్. ఉప్పునీటి బకెట్‌లో రాత్రంతా ఉంచి, తెల్లారి తెరిస్తే లోపల పెట్టిన టిష్యూ పేపరు పొడిగా ఉంది. ఆ టిష్యూ పేపరు ఫొటో కూడా ఫోన్‌లో ఉంది. అతను అప్లై చేస్తున్నది ప్రొడక్ట్ టెస్టింగ్ ఉద్యోగానికి. ఫర్మ్‌వేర్ లైన్లన్నీ తీయించి, ఆ రెండు డబ్బాల సంగతి రాసుకుని రమ్మని పంపాను.